పీహెచ్‌డీ ఎవరి దగ్గర, ఏ డబ్బుతో, ఎక్కడ? శ్రీకాకుళం, విజయనగరం పీజీ విద్యార్థులకు ఒక పోలిక

మన రెండు జిల్లాల్లో పీజీ అయినవాళ్లు పీహెచ్‌డీ గురించి మొదట అడిగే మాట "ఏ యూనివర్సిటీ మంచిది?" అని. నేను దాన్ని మూడో ప్రశ్నగా పెడతాను. ఎవరి దగ్గర చేస్తారన్నది మొదటిది. నెలనెలా చేతికి ఎంత వస్తుంది, అది ఎవరిస్తారన్నది రెండోది. ఈ రెండూ తేల్చుకోకుండా యూనివర్సిటీ పేరు చూసి చేరి, ఆరేడేళ్లయినా సినాప్సిస్ (థీసిస్‌కి ముందు ఇచ్చే పరిశోధన సారాంశం) దగ్గరే ఆగిపోయినవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లలో పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్లూ ఉన్నారు. లోపం వాళ్ల తెలివిలో లేదు, ఏర్పాటులోనే ఉంది. ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎంపిక కొంత తేలికవుతుంది.

కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం 2014-15లో దేశం మొత్తం మీద పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు 1.17 లక్షల మంది. 2021-22కి ఆ సంఖ్య 2.12 లక్షలు దాటింది. చేరేవాళ్లు పెరిగారు, చదువయ్యాక వాళ్లు చేరాల్సిన పోస్టులు మాత్రం నిండటం లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో 3,220 టీచింగ్ పోస్టుల భర్తీకి ప్రకటన వచ్చింది. ఇన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయని ప్రభుత్వమే చెప్పినట్టయింది. ఆ భర్తీ అనుకున్నట్టు ముందుకు సాగలేదు.

ఈ ఖాళీలు స్కాలర్‌ని రెండుసార్లు దెబ్బతీస్తాయి. మొదటి దెబ్బ లోపల ఉన్నప్పుడే. ప్రొఫెసర్లు రిటైర్ అవుతుంటారు, కొత్తవాళ్లు రారు, గైడ్లు తగ్గిపోతారు. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6 మంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది కంటే ఎక్కువ స్కాలర్లు ఉండకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్లు కూడా లేనివారు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఈ నియమాలు మంచివే. కానీ ఇద్దరు ముగ్గురితో నడిచే డిపార్ట్‌మెంట్‌లో మీకు ఇష్టమైన అంశం తెలిసిన గైడ్ దొరకడం కష్టం. దొరికినవారికి ఏ అంశం వస్తే మీ థీసిస్ దానిమీదే. క్లాసులు చెప్పే మనిషి లేక ఆ పనీ స్కాలర్ల మీద పడుతుంది. వారానికి 4 నుంచి 6 గంటల వరకు ట్యుటోరియల్, ల్యాబ్ పని, పేపర్లు దిద్దడం లాంటివి అప్పగించవచ్చని నిబంధనల్లో ఉంది. ఆ గంటలు ఎక్కడ దాటుతున్నాయో లెక్కపెట్టేవాళ్లు ఉండరు.

డాక్టరేట్ చేతికొచ్చాక అవే ఖాళీలు రెండోసారి తగులుతాయి. పోస్టు ఉంటుంది, నోటిఫికేషన్ ఉండదు. గెస్ట్ ఫ్యాకల్టీకి క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి గరిష్ఠంగా 50,000 ఇవ్వొచ్చని యూజీసీ 2019లో చెప్పింది. చాలా చోట్ల అంతకంటే చాలా తక్కువే ఇస్తారు, అదీ సెలవుల్లో ఉండదు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. ఒకే క్లాసురూములో ఒకే సిలబస్ చెప్పే ఇద్దరి మధ్య ఉన్న ఈ తేడాలో మన వాళ్ల ముప్పైల వయసంతా గడిచిపోతోంది. నాకు బాగా బాధ కలిగించేది ఇదే.

గైడ్ గురించి ఎలా తెలుసుకోవాలి

పీహెచ్‌డీలో గైడ్‌కి ఉన్నంత అధికారం మన చదువుల్లో ఇంకెక్కడా లేదు. డిగ్రీలో ఒక సార్‌కి మన మీద కోపం వస్తే ఒక పేపర్‌లో మార్కులు పోతాయి. ఇక్కడ ఫెలోషిప్ బిల్లు మీద సంతకం, ప్రోగ్రెస్ రిపోర్టు, సినాప్సిస్, థీసిస్ సమర్పణ, తర్వాత ఉద్యోగానికి సిఫారసు లేఖ, అన్నీ ఒక్కరి చేతిలో ఉంటాయి. అందుకే పిల్లనిచ్చే ముందు ఆ ఇంటి పెద్దకోడలిని కనుక్కున్నట్టు, చేరే ముందు ఆ గైడ్ పాత స్కాలర్లను కనుక్కోవాలి.

ఇంట్లో కూర్చుని చేయగల పని ఒకటుంది. దేశంలో ఆమోదం పొందిన థీసిస్‌లను 'శోధ్‌గంగ' అనే వెబ్‌సైట్‌లో పెడతారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అందులో గైడ్ పేరుతో వెతకండి. ఆయన దగ్గర ఎంతమంది పూర్తి చేశారో తెలుస్తుంది. చాలా ఎంట్రీల్లో రిజిస్ట్రేషన్ ఎప్పుడు, డిగ్రీ ఎప్పుడు అన్న తేదీలూ ఉంటాయి. నాలుగైదేళ్లలో పూర్తి చేయించే గైడా, ఎనిమిదేళ్లు పట్టించే గైడా అన్నది అక్కడే తేలిపోతుంది. రెండు మూడు థీసిస్‌లు తెరిచి చదవండి. ఒకదాని అధ్యాయాలు ఇంకోదానిలో ఊరి పేరు మార్చి కనిపిస్తే అక్కడ మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు.

తర్వాత పాత స్కాలర్లకు ఫోన్ చేయండి. డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడున్నవాళ్లు భయపడి చెప్పకపోవచ్చు, బయటికి వచ్చినవాళ్లు చెబుతారు. మంచివారా కాదా అని అడిగితే "మంచివారే" అంటారు, దానివల్ల ఏమీ తేలదు. అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇచ్చేవారు? పేపర్‌లో మీ పేరు ముందుండేదా, వెనకుండేదా? ఫెలోషిప్ బిల్లు ఎప్పుడైనా ఆపారా? ఇంటి పనులు చెప్పేవారా? మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఎందుకు మానేశారు? ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు అన్నింటికంటే విలువైనది. దొరికితే ఆ మానేసిన మనిషితోనే మాట్లాడండి.

పెద్ద పేరున్న ప్రొఫెసర్, పేరు లేని అసిస్టెంట్ ప్రొఫెసర్, ఇద్దరిలో ఎవరు? పేరున్నవారికి కమిటీలు, ప్రయాణాలు, పదవులు. చిన్నవారికి పేరు తక్కువ కానీ టైముంటుంది, వాళ్లకీ మీ పేపర్ అవసరం. చదివి తిరిగిచ్చే చిన్న గైడ్ వైపే నేను మొగ్గుతాను. ల్యాబ్ సైన్సుల్లో మాత్రం ప్రాజెక్టు డబ్బు, పరికరాలు ఎవరి దగ్గరున్నాయో కూడా చూడాలి. అవి తరచూ పెద్దవారి దగ్గరే ఉంటాయి.

డబ్బు సంగతి

నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో పై మార్కులు తెచ్చుకున్నవారికి ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్. అది వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత మూడేళ్లు 42,000 వస్తాయి. హాస్టల్ లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. జేఆర్‌ఎఫ్ రాకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరినవారికి ఏళ్ల తరబడి ఇస్తున్న మొత్తం నెలకి 8,000. దాన్ని 2015లో ఎత్తేయబోతే విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు కూర్చుని ఆపించుకున్నారు. రాష్ట్ర యూనివర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ లేనివారికి ఆ ఎనిమిది వేలు కూడా లేవు.

కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను. ఏ ఫెలోషిప్పూ లేకుండా ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరకండి. ఇంట్లో రెండో సంపాదన బలంగా ఉంటే వేరు. పొలం మీద, చిన్న ఉద్యోగం మీద నడిచే ఇంటి నుంచి వచ్చినవారైతే ఇంకో ఏడాది నెట్‌కి చదవండి. ఆ పరీక్ష ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబర్ సైకిళ్లలో ఉంటుంది. జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి జనరల్ వారికి 30 ఏళ్లు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు ఐదేళ్ల సడలింపు. ఇందులో బీసీ అంటే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉండాలి, అదీ కేంద్ర ప్రభుత్వ నమూనాలో. మీసేవ నుంచి తెచ్చుకునేటప్పుడే ఆ తేడా చూసుకోండి. జేఆర్‌ఎఫ్ వచ్చాక వెంటనే చేరాలన్న తొందరా వద్దు. చేరడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, గైడ్‌ని వెతుక్కోవడానికి అది చాలు.

జేఆర్‌ఎఫ్ ఒక్కటే దారి కాదు. సైన్సు పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవారికి కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో ఫస్ట్ వచ్చినా, ఆంధ్రా యూనివర్సిటీలో ఫస్ట్ వచ్చినా అర్హత ఒకటే. మన దగ్గర ఆ ఫస్ట్ ర్యాంకు వచ్చిన కొందరికి ఈ సంగతి తెలియకుండానే గడువు దాటిపోతోంది. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. సీతంపేట, పాచిపెంట వైపు నుంచి వచ్చే సవర, జాతాపు పిల్లలకు ఈ సంగతి ఎవరైనా ముందుగా చెప్పాలి. ఎస్సీ, ఓబీసీలకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి, అవి నెట్ ద్వారా వస్తాయి. మైనారిటీలకు ఉండే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు.

ఫెలోషిప్ మంజూరైందంటే ప్రతి నెలా వస్తుందనీ కాదు. ఇన్‌స్పైర్ స్కాలర్లు 2024, 2025 సంవత్సరాల్లో నెలల తరబడి డబ్బు రాక అప్పులు చేశారు. 2016 జనవరిలో చనిపోయిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ స్కాలర్ రోహిత్ వేముల చివరి లేఖలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని రాశారు. అందుకే ఒక పని చేయండి. చేరబోయే చోట ఫెలోషిప్ సెక్షన్‌కి వెళ్లి, బిల్లు పెట్టాక డబ్బు పడడానికి ఎన్నాళ్లు పడుతోందని అక్కడ క్యూలో ఉన్న స్కాలర్‌ని అడగండి. జేఆర్‌ఎఫ్ ఉన్నవారైనా మొదటి ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి.

ఇంటికి దగ్గరా, దూరమా?

ఇక యూనివర్సిటీల దగ్గరికి వద్దాం. దగ్గరలో ఎచ్చెర్లలో 2008లో వచ్చిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ యూనివర్సిటీ, విజయనగరంలో 2022లో ఏర్పడిన జేఎన్‌టీయూ గురజాడ, విశాఖలో 1926 నాటి ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. వీటిలో అడ్మిషన్ రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీ ఆర్‌సెట్ నోటిఫికేషన్ మీద ఆధారపడి ఉంటుంది, అది ఏటా ఒకే నెలలో రాదు. విజయనగరంలోనే 2019 చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. కొండకరకం దగ్గర తాత్కాలిక క్యాంపస్‌లో మొదలైంది. కొత్త సంస్థ కాబట్టి మీ సబ్జెక్టులో గైడ్ ఉన్నారో లేదో నోటిఫికేషన్ వచ్చినప్పుడే చూసుకోవాలి.

దగ్గరలో చేయడానికి ఖర్చు తక్కువ కావడం ఒక కారణం. 37,000తో ఎచ్చెర్లలో ఉంటే ఇంటికి కొంత పంపొచ్చు, హైదరాబాద్‌లో అది కష్టం. కానీ అంతకంటే పెద్ద కారణం అంశం. మన ప్రాంతం మీద పని చేయాలనుకునేవారికి దగ్గరలో ఉండటమే పెట్టుబడి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద దేశవిదేశాల నుంచి పరిశోధకులు వచ్చారు, పలాసలో 2023 డిసెంబర్‌లో ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రమూ ప్రారంభమైంది. అయినా ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి, నీళ్లు, పని, తిండి, మందుల షాపు, అప్పు, అన్నీ ఒకచోట పెట్టి రాయగలిగేది ఆ యాసలో మాట్లాడేవారే. ముఖలింగం శాసనాలు, శాలిహుండం బౌద్ధ శిథిలాలు, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణ, నాగావళి, వంశధార వరదలు, వలసలు, తేలినీలాపురానికి వచ్చే పక్షులు, వీటన్నిటికీ మన దగ్గరే ఉన్న స్కాలర్ కావాలి. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి ఏ డిగ్రీ కోసమూ కాకుండా సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర పల్లెలతో పరిచయం పెంచుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. చరిత్ర, తెలుగు, భాషాశాస్త్రం, ఎకనామిక్స్, సోషల్ వర్క్, రూరల్ డెవలప్‌మెంట్ వాళ్లు మంచి గైడ్ దొరికితే ఎచ్చెర్లనో విశాఖనో ఎంచుకోవడానికి వెనకాడక్కర్లేదు.

పత్రికలు, జర్నల్స్ దొరకవన్న పాత ఇబ్బంది కూడా కొంత తగ్గింది. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, మొత్తం 13,000 దాకా, అందుబాటులోకి వచ్చాయి. ఇది రాష్ట్ర యూనివర్సిటీలకూ వర్తిస్తుంది, ప్రైవేటు యూనివర్సిటీలకు వర్తించదు. మీ డిపార్ట్‌మెంట్ లాగిన్ పనిచేస్తోందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయోటెక్, మెటీరియల్స్ లాంటి సబ్జెక్టుల్లో లెక్క మారిపోతుంది. పరికరం లేని ల్యాబ్‌లో ఎంత తెలివైనవాడైనా శాంపిల్స్ పట్టుకుని ఊరూరా తిరగాలి, ఒక్కో రీడింగ్‌కి జేబులోంచి కట్టాలి. ఇలాంటివారు దూరం వెళ్లడమే మంచిది. మనవాళ్లు దూరం అనగానే హైదరాబాద్ వైపు చూస్తారు, ఉత్తరం వైపు చూడరు. 2016లో మొదలైన కేంద్ర సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ బరంపురం ఇచ్ఛాపురానికి అతి దగ్గర. పలాసలోనో శ్రీకాకుళం రోడ్‌లోనో రైలెక్కితే భువనేశ్వర్ ఒక పూట ప్రయాణం, అక్కడ ఐఐటీ, నైసర్ అనే మరో కేంద్ర సైన్సు సంస్థ ఉన్నాయి. వీటిలో జేఆర్‌ఎఫ్ గానీ గేట్ గానీ లాంటి అర్హతతో ఇంటర్వ్యూకి పిలుస్తారు, చేరినవారికి ఫెలోషిప్ ఉంటుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడలేమన్న భయంతో దరఖాస్తే పెట్టనివాళ్లు మన దగ్గర ఎక్కువ. ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మీ ఎమ్మెస్సీ సబ్జెక్టు మీద పట్టు. ఒక ప్రయోగం ఎందుకలా వచ్చిందో నిదానంగా చెప్పగలిగితే చాలు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) లాంటివి ఆర్ట్స్ వాళ్లకు లైబ్రరీ, వాదించే స్నేహితులు, దేశం నలుమూలల నుంచి వచ్చిన తోటి స్కాలర్లను ఇస్తాయి. ఆ వాతావరణం విలువ నేను తక్కువ చేయను. మొదటిసారి ఊరు దాటినవారికి అక్కడ ఒంటరితనం కూడా అంతే గట్టిగా ఉంటుంది. 'నేచర్' పత్రిక 2019లో ఆరు వేలకు పైగా పీహెచ్‌డీ విద్యార్థులను అడిగితే, చదువు వల్ల వచ్చిన ఆందోళన, డిప్రెషన్‌కి సాయం కోరామని 36 శాతం మంది చెప్పారు. ఇది మన ఒక్కరి బలహీనత కాదు. టెన్షన్ తట్టుకోలేనప్పుడు టెలీ మానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రైవేటు, పార్ట్‌టైమ్

ప్రైవేటు యూనివర్సిటీల్లో అన్నీ ఒకలా ఉండవు. స్టైపెండ్ ఇచ్చి, ల్యాబ్ ఇచ్చి పనిచేయించేవి ఉన్నాయి. ఫీజు కడితే చాలన్నట్టు నడిచేవీ ఉన్నాయి. 2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు యూనివర్సిటీలు పీహెచ్‌డీ నిబంధనలు పాటించలేదని యూజీసీ ఐదేళ్లపాటు కొత్త స్కాలర్లను చేర్చుకోకుండా ఆపేసింది. అలాంటి చోట నుంచి తెచ్చుకున్న పట్టా ఇంటర్వ్యూ బోర్డు ముందు పెట్టడం ఎంత కష్టమో ఊహించండి. థీసిస్ రాసి పెడతాం, పేపర్లు వేయిస్తాం అని వాట్సాప్‌లో వచ్చే మెసేజీల జోలికి వెళ్లొద్దు. విదేశీ యూనివర్సిటీతో కలిసి ఆన్‌లైన్ పీహెచ్‌డీ అని కంపెనీలు ఇచ్చే ప్రకటనలను నమ్మొద్దని యూజీసీ 2022లోనే హెచ్చరించింది.

పేపర్ల సంగతి ఇక్కడే చెప్పాలి. థీసిస్‌కి ముందు జర్నల్ పేపర్ తప్పనిసరి అన్న నియమాన్ని 2022 నిబంధనల్లో తీసేశారు, కానీ చాలా యూనివర్సిటీలు తమ రూల్స్‌లో ఉంచుకున్నాయి. మంచి జర్నల్స్ అంటూ యూజీసీ నడిపిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు ఎన్నో ఉన్నాయి. ఒక పేపర్ నిజంగా ఎవరైనా చదివి, తప్పులు చూపించి, మార్చమని పంపితేనే అది మీకు పనికొస్తుంది.

ఉద్యోగంలో ఉన్న స్కూలు టీచర్లకు, జూనియర్ లెక్చరర్లకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చక్కటి దారి. 2022 నిబంధనలు దాన్ని ఒప్పుకుంటాయి, ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) ఉండాలి. జీతం వస్తుంది, గైడ్ కోపానికి ఇల్లు ఆగదు. కోర్స్‌వర్క్ (మొదట్లో తప్పనిసరిగా చదవాల్సిన క్లాసులు) చేసే నెలలు మాత్రం కష్టం, సెలవు దొరకాలి. శ్రీకాకుళంలో ఉద్యోగం, విశాఖలో రిజిస్ట్రేషన్ అయితే వారాంతాల్లో వెళ్లి రావచ్చు. రాయలసీమలోనో వేరే రాష్ట్రంలోనో రిజిస్టర్ అయితే ఆ థీసిస్ ఏళ్లకు ఏళ్లు కదలదు.

విదేశం

అమెరికాలో సైన్సు పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, క్లాసు పనికో ల్యాబ్ పనికో స్టైపెండ్ ఇస్తారు, ఐదారేళ్లు పడుతుంది. జర్మనీలో చాలామందికి అది పూర్తి జీతంలో సగమో ముప్పావో వచ్చే ఉద్యోగం. నేర్చుకోవడానికి ఈ రెండూ చాలా మంచి చోట్లు. అక్కడికి వెళితే కెరీర్ కష్టం తీరిపోతుందన్నది మాత్రం నిజం కాదు. బ్రిటన్ రాయల్ సొసైటీ 2010లో వేసిన లెక్క ప్రకారం అక్కడ సైన్సు పీహెచ్‌డీ చేసినవారిలో పర్మనెంట్ పరిశోధన ఉద్యోగానికి చేరేది నూటికి 3.5 మంది, ప్రొఫెసర్ అయ్యేది వెయ్యికి ఐదుగురి కంటే తక్కువ. జర్మనీలో తాత్కాలిక కాంట్రాక్టుల చట్టం మీద 2021లో వేలమంది యువ పరిశోధకులు గట్టిగా నిరసన చెప్పారు. అప్పు చేసి వెళ్లొద్దు. పూర్తి ఫండింగ్ ఉన్న అడ్మిషన్ వస్తేనే వెళ్లండి. ఎస్సీ తదితర వర్గాలకు 125, ఎస్టీలకు 20 సీట్లున్న జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు కూడా చూడండి.

పీహెచ్‌డీ వద్దనుకుంటే

లెక్చరర్ కావడమే లక్ష్యమైతే పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్న విషయం చాలామందికి తెలియదు. యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామన్న నియమాన్ని యూజీసీ వాయిదా వేస్తూ వచ్చి, 2023 జూలై నుంచి నెట్ లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్ చాలని, పీహెచ్‌డీ ఐచ్ఛికమని తేల్చింది. ఏపీ సెట్‌ను ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహిస్తుంది. ఇంటర్వ్యూకి ఎంపిక చేసే మార్కుల్లో పీహెచ్‌డీకి యూనివర్సిటీల్లో 30 మార్కులు ఉంటాయి కాబట్టి పట్టా బలమే. కానీ డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలనుకునేవారు ముందు నెట్ గానీ సెట్ గానీ తెచ్చుకుని, ఏపీపీఎస్సీకి చదువుతూ ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత పార్ట్‌టైమ్ చేయడం నాకు ఎక్కువ నమ్మకమైన దారిగా కనిపిస్తుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులు వచ్చాయి. పరిశోధన మీద ఇష్టం ఉన్నవారు స్కూలు ఉద్యోగంలో చేరడం ఓడిపోవడం కాదు. మన ప్రాంతం మీద మంచి పుస్తకాలు రాసినవారిలో స్కూలు మాస్టార్లు ఎంతమందో చూడండి.

ఇంట్లో మొదటి డాక్టరేట్ అనగానే ఊరంతా సంతోషిస్తుంది. నాలుగో ఏడు వచ్చేసరికి ఏ పెళ్లికెళ్లినా "ఇంకా అవ్వలేదేటి?" అన్న మాటే. ఇది ఎన్నేళ్లు పట్టే చదువో, ఉద్యోగం వెంటనే ఎందుకు రాదో చేరకముందే అమ్మానాన్నలకు కూర్చోబెట్టి చెప్పండి.

అమ్మాయిల విషయంలో రెండు నిబంధనలు ఇంట్లోవారికీ తెలియాలి. పెళ్లయి వేరే ఊరు వెళ్లాల్సి వస్తే చేసిన పనిని అక్కడి సంస్థకు బదిలీ చేసుకునే వీలు ఉంది. మొత్తం చదువు కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉంది. పెళ్లి మాట రాగానే సీటు వదిలేయక్కర్లేదు.

ఇప్పటికే లోపల ఉండి ఆగిపోయినవారు

వీళ్ల ఎంపికే అన్నింటికంటే కష్టం. మూడు దారులు ఉంటాయి: కొనసాగడం, గైడ్ మారడం, మానేయడం. డేటా అంతా చేతికొచ్చి, రాయడమే మిగిలి ఉంటే ఎంత విసుగొచ్చినా కొనసాగండి. అధ్యాయం ఇచ్చి నెలలైనా తిరిగి రాకపోతే మౌఖికంగా అడగడం ఆపి ఈమెయిల్‌లో పంపండి, పంపిన తేదీ మీ దగ్గర ఉంటుంది. ప్రతి సెమిస్టర్ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీ ప్రగతి చెప్పాలన్నది నిబంధన. ఆ సమావేశం జరగకుండానే మీ చేత సంతకాలు పెట్టిస్తుంటే, జరపమని లిఖితంగా కోరండి. గైడ్ మార్పు అడగాలంటే ఆ కమిటీలోని రెండో వ్యక్తితో ముందు మాట్లాడండి, ఆయన ఒప్పుకుంటే డీన్ దగ్గర పని సగం అయినట్టే. లైంగిక వేధింపు అయితే గైడ్ మార్పుతో సరిపెట్టుకోకండి, ఇంటర్నల్ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

రెండేళ్లు దాటినా అంశం ఖరారు కాక, ఫెలోషిప్ లేక, వయసు ముప్పైకి దగ్గరవుతుంటే మానేయడం కూడా సరైన నిర్ణయమే. రాజీనామా చేసే ముందు కోర్స్‌వర్క్ సర్టిఫికెట్, టీసీ, నో డ్యూస్ తీసుకోండి, తర్వాత మళ్లీ వేరే చోట చేరాలంటే అవి కావాలి. కొనసాగాలనుకున్నవారు గడువు లెక్క చూసుకోండి. అడ్మిషన్ తేదీ నుంచి ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు. ఆరో ఏడు ముగియకముందే దరఖాస్తు పెట్టండి. థీసిస్ ఇచ్చాక ఆరు నెలల్లో మూల్యాంకనం పూర్తి చేయాలని కూడా నిబంధనల్లో ఉంది, ఆ తేదీ దాటితే ఎగ్జామినేషన్ సెక్షన్‌ని కాగితం మీద అడగండి.